శని పాటకు మైకు ఎవరు పెట్టారు?

వాట్సాప్‌లో తరచూ తిరిగే వీడియో ఒకటుంది. నల్లటి తెర మీద వలయాలతో సహా శనిగ్రహం నెమ్మదిగా కదులుతుంటుంది. వెనక ఊళ పెట్టినట్టు, ఈల వేసినట్టు, మధ్యమధ్య మూలిగినట్టు ఏదో ధ్వని. ‘శని చేసే శబ్దాన్ని రికార్డు చేసిన నాసా’ అని కింద రాసుంటుంది. ఏలినాటి శని నడుస్తున్నవాళ్లు దాన్ని మరీ శ్రద్ధగా పంపిస్తారని నా అనుమానం.

ఆ వీడియో పూర్తిగా అబద్ధం కాదు. ఆ ధ్వనికి మూలమైన సమాచారం నాసా వాళ్లదే. అయితే హైస్కూల్లో సైన్సు మాస్టారు చూపించిన ప్రయోగమూ అబద్ధం కాదు. గాజు జాడీలో కరెంటు గంట పెట్టి పంపుతో గాలి తోడేస్తుంటే, గంట కొట్టుకుంటూనే ఉంటుంది, మోత మాత్రం సన్నగిల్లిపోతుంది. రాబర్ట్ బాయిల్ తన గాలిపంపు ప్రయోగాలను 1660లో అచ్చు వేయించినప్పటి నుంచీ ఈ సంగతి పాఠ్యపుస్తకాల సొత్తే. గాలి లేనిచోట శబ్దం లేదు. మరి శని మూలుగు ఎవరి చెవిన పడింది?

అంతరిక్షం నుంచి వచ్చిందంటూ ఎవరేం వినిపించినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: అక్కడ మైకు ఎవరు పెట్టారు? చాలాసార్లు ‘ఎవరూ పెట్టలేదు’ అనే జవాబు వస్తుంది. నిజంగా పెట్టిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా మైకు పెట్టి పట్టిన చప్పుళ్లు వినడానికి చప్పగా ఉంటాయి. మైకు ఊసే లేకుండా తయారైనవి మాత్రం దయ్యాల సినిమా నేపథ్య సంగీతంలా రక్తి కడతాయి. జనానికి ఏది ఎక్కువ చేరుతుందో చెప్పక్కర్లేదు.

శబ్దమంటే అణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోవడం. సముద్రమట్టం దగ్గర ఒక్క ఘన సెంటీమీటరు గాలిలో దాదాపు రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులు కిక్కిరిసి ఉంటాయి. సూర్యుడి నుంచి భూమి ఉన్నంత దూరంలో, గ్రహాల మధ్య ఖాళీలో, అంతే చోటులో ఉండేవి ఓ నాలుగైదు కణాలు. తోసేవాడున్నా తోయించుకునేవాడు దొరకడు. హాలీవుడ్ సినిమాలో అంతరిక్ష నౌక పేలినప్పుడు థియేటరు దద్దరిల్లడం మనం టికెట్టుకు పెట్టిన డబ్బుకు జరిగే న్యాయం మాత్రమే.

ఇప్పుడు శని సంగతి. కాసిని నౌక అక్కడికి మోసుకెళ్లినవి మైకులు కావు, రేడియో యాంటెనాలు. శని ధ్రువాల దగ్గర, అయస్కాంత రేఖల వెంట పరుగెత్తే ఎలక్ట్రాన్లు రేడియో తరంగాలను వెదజల్లుతాయి. ధ్రువాల మీద ఆకాశంలో వెలుగు తెరలు కనిపించేదీ వీటివల్లే. ఇంకా శనిని చేరకముందే, 2002లోనే, కాసిని ఈ తరంగాలను పట్టడం మొదలుపెట్టింది. మన చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా మాత్రమే వింటుంది. ఇవేమో లక్షల హెర్ట్జ్‌లో ఉంటాయి. అదీగాక ఇవి రేడియో తరంగాలు, ఎంత మంద్రంగా ఉన్నా చెవికి అందవు. అందుకని శాస్త్రవేత్తలు వాటి పౌనఃపున్యాన్ని 44 రెట్లు దించి, 27 నిమిషాల సంకేతాన్ని 73 సెకన్లకు కుదించి, స్పీకరుకు ఎక్కించారు. మనకొచ్చే వీడియోలో ఉన్నది అదే. సాహిత్యం శనిది, స్వరకల్పన అయొవా విశ్వవిద్యాలయానిది.

ఇందులో మోసమేం లేదు. మోసమల్లా ఆ వివరం కత్తిరించి పంపడంలో ఉంది. గీతల్లో కంటికి చిక్కనిది ఒక్కోసారి చెవికి చిక్కుతుంది. అయొవాకు చెందిన డాన్ గర్నెట్ అనే భౌతిక శాస్త్రవేత్త దశాబ్దాల పాటు ఇలా నౌకలు పంపిన సంకేతాలను ధ్వనిగా మార్చుకుని వింటూనే పనిచేశాడు. వాయేజర్-1 సూర్యుడి ఏలుబడి దాటి నక్షత్రాల మధ్య ప్రదేశంలోకి అడుగుపెట్టిందని తేల్చింది కూడా ఆయన బృందం కనిపెట్టుకుని కూర్చున్న పరికరమే. ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న కణాల వాయువు) సాంద్రతను నేరుగా కొలవాల్సిన పరికరం 1980లోనే మూలన పడింది. మిగిలింది తరంగాలను పట్టే రెండు యాంటెనాలు. సూర్యుడిలో 2012 మార్చిలో జరిగిన విస్ఫోటనం ప్రభావం ఏడాది తర్వాత, 2013 ఏప్రిల్‌లో, వాయేజర్‌ను చేరింది. అప్పుడు నౌక చుట్టూ ఉన్న ప్లాస్మా ఊగడం మొదలెట్టింది. ఆ ఊగే పౌనఃపున్యం సాంద్రతను బట్టి ఉంటుంది. లెక్క చూస్తే సుమారు 2,600 హెర్ట్జ్ వచ్చింది. అంటే ఘన సెంటీమీటరుకు 0.08 ఎలక్ట్రాన్లు, సూర్యుడి పరిధి అంచుల్లో ఉండాల్సిన దానికి దాదాపు 40 రెట్లు. పాత సమాచారం కూడా తిరగేసి, నౌక గడప దాటిన తేదీ 2012 ఆగస్టు 25 అని నిర్ణయించారు.

ఇక్కడ తమాషా ఏమిటంటే 2,600 హెర్ట్జ్ మన చెవి పరిధిలోదే. పియానో మీద మెట్టు వెతికి చూపించొచ్చు. అయినా అది శబ్దం కాదు. గాలి అలలు లేవు, విద్యుత్ క్షేత్రం అటూ ఇటూ ఊగడమే. అక్కడ చెవి ఒగ్గి నిలబడినా ఏమీ వినబడదు. నిలబడినవాడికి అంతకంటే తొందర సమస్యలు వేరే ఉంటాయనుకోండి.

అదే వాయేజర్‌లో 1977లో మనవాళ్లు మైకుతో పట్టిన అసలు సిసలు శబ్దాలు కూడా వెళ్లాయి. బంగారు పూత పూసిన రాగి గ్రామఫోన్ రికార్డు మీద వాన, ఉరుము, కుక్క అరుపు, కేసర్‌బాయి కేర్కర్ గానం, 55 భాషల్లో పలకరింపులు. అందులో తెలుగు కూడా ఉంది. వినేవాళ్ల సౌకర్యం కోసం ముల్లు కూడా జతచేసి పంపారు. గాలి ఉన్న చోటు మాత్రం వాళ్లే చూసుకోవాలి. ఆ రికార్డు కమిటీకి పెద్ద కార్ల్ సాగన్. ఆయన మళ్లీ తగులుతాడు.

మైకు లేని ధ్వనుల్లో అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది పెర్సియస్ గెలాక్సీ గుచ్ఛం మధ్యలో ఉన్న కృష్ణబిలం గురించి. దాన్ని మాత్రం కాస్త మర్యాదగా చూడాలి. అక్కడ గెలాక్సీల మధ్య వేడి వాయువు పరచుకుని ఉంది, పలచగానే అయినా. కృష్ణబిలం ఎగదోసిన శక్తికి ఆ వాయువులో నిజంగానే పీడన తరంగాలు లేచాయి. చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపు వాటిని పట్టిందని కేంబ్రిడ్జికి చెందిన ఆండ్రూ ఫేబియన్ బృందం 2003లో ప్రకటించింది. పీడన తరంగం అంటే శబ్దమే. కాకపోతే ఒక్క అల పూర్తవడానికి దాదాపు కోటి సంవత్సరాలు పడుతుంది. హార్మోనియం మధ్య షడ్జానికి 57 స్థాయిలు కింద. నాసా 2022లో దాన్ని 57, 58 స్థాయిలు పైకి లాగి వినిపించింది. ఇక్కడ కూడా మైకు లేదు. ఫోటోలో కనిపించిన అలలను లెక్కలోకి, లెక్కను ధ్వనిలోకి మార్చారు. శబ్దం నిజం, వినడం కల్పన అనొచ్చు.

67పి తోకచుక్క ‘పాట’ దీనికి తమ్ముడు. రోసెట్టా నౌక 2014లో దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం 40–50 మిల్లీహెర్ట్జ్ దగ్గర ఊగుతుండటం గమనించింది. అంటే ఒక్కో ఊపుకు ఇరవై సెకన్ల పైమాటే. దాన్ని పదివేల రెట్లు వేగం పెంచి విడుదల చేస్తే ప్రపంచమంతా విన్నది. కానీ ఆ ఏడాది నవంబరు 12న ఫిలే అనే బుల్లి ల్యాండరు అదే తోకచుక్క మీద కాలు మోపినప్పుడు, ఆ పాదాల్లో ఉన్న సెన్సర్లు రెండు సెకన్ల ‘దబ్’మనే తాకిడిని పట్టాయి. కాలు పట్టుకోవాల్సిన హార్పూన్లు పేలక ల్యాండరు ఎగిరి ఇంకోచోట పడింది, అది వేరే కథ. ఈ ‘దబ్’ గురించి పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు. నా లెక్కలో ఆ పాట కంటే ఈ దబ్ ఎక్కువ విలువైనది. ఒక వస్తువు ఇంకో వస్తువును తాకితే పుట్టిన కంపనం అది.

గాలి లేకపోయినా నేల ఉంటే కంపనం ఉంటుంది. చంద్రుడి మీద జరిగినదంతా ఇదే. 1969 నవంబరు 20న అపోలో-12 వ్యోమగాములు తాము వాడేసిన పైకెక్కే వాహనాన్ని కావాలనే చంద్రుడి మీద కూల్చారు. వాళ్లు పాతివచ్చిన భూకంప మాపకం దాదాపు గంటసేపు కంపనం చూపిస్తూనే ఉంది. చంద్రుడి పైపొర ఎండిపోయి, పగిలిపోయి ఉంటుంది. కంపనాన్ని మింగేయడానికి నీటి తడి లేదు. అది పగుళ్లలో చెదిరిపోతూ అక్కడక్కడే తిరుగుతుంది. చంద్రుడు గంటలా మోగాడని పత్రికలు రాశాయి. దాన్నుంచి చంద్రుడు లోపల డొల్ల అని, అక్కడెవరో ఉంటున్నారని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల జోలికి పోను.

శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయల్దేరిన చంద్రయాన్-3 కూడా ఈ పని చేసింది. విక్రమ్ ల్యాండరులోని ‘ఇల్సా’ అనే పరికరం ఆగస్టు 25న ప్రజ్ఞాన్ రోవర్ చక్రాలు తిరుగుతున్న కంపనాన్ని నేల ద్వారా పట్టింది. మర్నాడు ఇంకో కంపనం వచ్చింది. అది మన యంత్రాల పని కాదు, సహజంగా పుట్టినట్టుంది అని ఇస్రో చెప్పింది. చెప్పి ఊరుకుంది. గ్రాఫు విడుదల చేసిందే తప్ప ‘చంద్రుడి గుండె చప్పుడు’ అని ఆడియో క్లిప్పు చేయలేదు. అందుకే ఆ వార్త రెండు రోజుల్లో చల్లారిపోయింది. ఇస్రో సంయమనానికి నమస్కారం.

వ్యోమగాముల చెవులను కూడా అన్నిసార్లూ నమ్మలేం. అపోలో-10 వాళ్లు 1969 మేలో చంద్రుడి అవతలి వైపు తిరుగుతూ హెడ్‌సెట్లలో ఈలలాంటి వింత సంగీతం విన్నారు. రెండు వాహనాల రేడియోలు ఒకదానికొకటి అడ్డుపడటం వల్ల వచ్చిన రొద అది. చైనా తొలి వ్యోమగామి యాంగ్ లీవెయ్ 2003లో నౌకను బయటినుంచి ఎవరో తట్టినట్టు విన్నాడు. తర్వాత వెళ్లినవాళ్లూ విన్నారు. పీడనం మారినప్పుడు నౌక లోపలి గోడ కాస్త వంగి చేసిన చప్పుడు అని ఇంజనీర్లు తేల్చారు. లోపల గాలి ఉంది, గోడ ఉంది, చెవి ఉంది, కాబట్టి అది నిజం శబ్దమే. తట్టినవాడొక్కడే లేడు.

ఇక మైకు పెట్టిన చోట్లకు వద్దాం. వాతావరణం ఉండి, నేల ఉండి, మన యంత్రాలు దిగగలిగిన లోకాలు మూడే: శుక్రుడు, శని ఉపగ్రహం టైటాన్, అంగారకుడు.

మొదటి మైకు సోవియట్ వాళ్లది. 1978లో వెనీరా-11, 12 నౌకల్లో ‘గ్రోజా’ అనే పరికరం వెళ్లింది. శుక్రుడి మీద పిడుగులు, ఉరుములు ఉన్నాయా చూడమని లియోనిద్ క్సాన్‌ఫొమాలిటి తయారుచేశాడు. దాని రెండో రూపం 1982 మార్చి 1న వెనీరా-13తో, 5న వెనీరా-14తో నేల చేరింది. అక్కడి వేడికి సీసం కరుగుతుంది, 450 డిగ్రీల పైనే. పీడనం భూమి మీద కంటే దాదాపు 90 రెట్లు. అందులో వెనీరా-13 రెండు గంటల ఏడు నిమిషాలు బతికింది. మైకు విన్నది ఏమిటంటే, కెమెరా మూత ఊడి పడటం, డ్రిల్లు నేలను తొలవడం, వీటన్నిటి అడుగున గాలి రొద. మనం అలవాటుపడ్డ రికార్డింగులా కాక, చప్పుడు ఎంత గట్టిగా ఉందో చెప్పే గీతగా అది భూమికి చేరింది. అయితేనేం, ఆ గీత నుంచే నేల దగ్గర గాలి వేగం సెకనుకు అర మీటరు లోపేనని లెక్క కట్టారు. పైన మబ్బుల్లో తుఫాను వేగం, కింద నడక వేగం కంటే తక్కువ. 

ఆ కెమెరా మూతల గురించి ఒక్క మాట చెప్పకుండా పోలేను. వెనీరా-14కు మట్టి గట్టిదనం కొలవడానికి ఒక చెయ్యి ఉండేది. అది చాచి నేలను నొక్కాలి. ఊడిన మూత వెళ్లి సరిగ్గా ఆ చెయ్యి దిగే చోటే పడింది. కోట్ల కిలోమీటర్ల దూరం పోయి, సోవియట్ యూనియన్ తన మూత గట్టిదనాన్ని తనే కొలుచుకుంది.

టైటాన్ మీద 2005 జనవరి 14న హైగెన్స్ దిగింది. గాలి పీడనం మన దగ్గర కంటే ఒకటిన్నర రెట్లు, చలి మైనస్ 179 డిగ్రీలు, ఎక్కువగా నైట్రోజన్. శబ్దానికి అంత అనువైన చోటు ఇంకోటి లేదు. హైగెన్స్‌లో శబ్ద సెన్సరు ఉంది. కానీ పూర్తి ధ్వనిని పంపేంత సమాచార వెసులుబాటు లేదు. ఏ పౌనఃపున్యంలో ఎంత శక్తి ఉందన్న పట్టికలు మాత్రం వచ్చాయి. వాటినుంచి ప్రయోగశాలలో ధ్వనిని తిరిగి అల్లారు. రెండున్నర గంటల పారాచూట్ ప్రయాణంలో చెవిలో గాలి హోరు, అంతే. ఇది రికార్డింగా, పునర్నిర్మాణమా అంటే రెండోదే. యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ ఆ మాట దాచలేదు.

మిగిలింది అంగారకుడు. ఇక్కడ కథ ఇరవై అయిదేళ్లు పట్టింది.

1996లో, చనిపోయే ఏడాదిలో, కార్ల్ సాగన్ నాసాకు ఉత్తరం రాశాడు. అంగారకుడి మీదికి వెళ్లే నౌకలో మైకు పెట్టండి, ఒక్కసారి కొన్ని నిమిషాల శబ్దం వచ్చినా చాలు, జనానికీ శాస్త్రానికీ అది గొప్ప విషయం అన్నది దాని సారాంశం. కెమెరాకు ఎవరూ సంజాయిషీ అడగరు. మైకు అనగానే ‘దానివల్ల శాస్త్రానికి ఏం లాభం’ అని అడుగుతారు. సాగన్ స్థాపకుల్లో ఒకడైన ప్లానెటరీ సొసైటీ డబ్బు సమకూర్చింది, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు బజారులో దొరికే విడిభాగాలతో అరచేతిలో ఇమిడే మైకు చేశారు. అది మార్స్ పోలార్ ల్యాండర్‌తో వెళ్లింది. 1999 డిసెంబరు 3న ల్యాండరు దిగుతూ దిగుతూ మూగబోయింది, కూలిపోయింది. ఫ్రెంచి వాళ్లు నెట్‌ల్యాండర్‌లో పెడదామనుకున్నారు, ఆ యాత్రే రద్దయింది. 2008లో ఫీనిక్స్ ల్యాండరు కెమెరాలో మైకు ఉంది. దాన్ని ఆన్ చేస్తే దిగేటప్పుడు అవసరమైన సమాచారానికి అడ్డుపడొచ్చన్న భయంతో కట్టేసి ఉంచారు. ల్యాండరు క్షేమంగా దిగింది, మైకు మౌనవ్రతం పట్టింది.

2018 డిసెంబరులో నాసా ‘అంగారకుడి గాలి చప్పుడు’ విడుదల చేసింది. దాన్ని పంపిన ఇన్‌సైట్ ల్యాండరులో మైకు లేదు. భూకంప మాపకం సోలార్ పలకల మీద గాలి చేసే వణుకును పట్టింది, పీడన మాపకం గాలిని నేరుగా పట్టింది. రెండోదాన్ని వంద రెట్లు వేగం పెంచితే గానీ చెవికి అందలేదు. మైకు ప్రశ్నకు ఇది మధ్యస్థ జవాబు. గాలి నిజం, ఒత్తిడి నిజం, చెవి మాత్రం అరువు.

చివరికి 2021 ఫిబ్రవరి 18న పెర్సెవరెన్స్ రోవర్ జెజెరో బిలంలో దిగింది, ఒకటికి రెండు మైకులతో. మొదటిది దిగే ఘట్టాన్ని రికార్డు చేయడానికి. ఆ ఏడు నిమిషాల్లో మైకు బాగానే ఉంది, కానీ దాని సంకేతాన్ని అంకెల్లోకి మార్చే పెట్టెకూ కంప్యూటరుకూ మాట కలవలేదు. ఒక్క ముక్క రికార్డవలేదు. నేల మీదికి వచ్చాక అదే మైకు మామూలుగా పనిచేసి, ఓ నిమిషం పాటు రోవర్ గుయ్యిమనే మోత, మధ్యలో ఒక గాలి తెర పంపింది. ఇంకో గ్రహం మీద చెవి వినే రూపంలోనే పట్టిన మొదటి గాలి తెర అది. మార్చి 7న రోవర్ 27 మీటర్లు నడిచినప్పుడు పదహారు నిమిషాల పైన రికార్డయింది. లోహపు చక్రాలు రాళ్ల మీద కీచుమంటూ, గరగరమంటూ ఉంటాయి. నా కారు ఇలా మోగితే పక్కకు ఆపి టో చేసే బండిని పిలుస్తానని ఆ జట్టు ఇంజనీరే అన్నాడు.

రెండోది సూపర్‌క్యామ్ మైకు, స్తంభం మీద, మనిషి తల కంటే కాస్త ఎత్తులో. ఫ్రాన్స్‌లోని టూలూజ్ వాళ్ల పని. అసలు సరుకు ఇక్కడే ఉంది.

సూపర్‌క్యామ్ ఒక లేజర్‌తో ఏడు మీటర్ల దూరం దాకా ఉన్న రాళ్లను కొట్టి, ఆవిరైన చుక్క వెలుగును బట్టి అందులో ఏమున్నాయో చెబుతుంది. కొట్టిన ప్రతిసారీ చిన్న ‘టిక్’ వస్తుంది. మొదట్లో ‘మాజ్’ అని పేరు పెట్టిన బసాల్టు రాయిని 3.1 మీటర్ల నుంచి ముప్పై సార్లు కొట్టారు. ముప్పై టిక్కులూ ఒకేలా లేవు, కొన్ని కాస్త గట్టిగా ఉన్నాయి. కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి చూసినట్టే, టిక్ తేడాను బట్టి రాయి గట్టిదా, పైన పొరేమైనా ఉందా అని చెప్పొచ్చు. కెమెరాకు చేతకాని పని ఇది.

ఇంతకంటే ముచ్చటైన సంగతి ఇంకోటి ఉంది. లేజర్ ఎప్పుడు పేలిందో తెలుసు, రాయి ఎంత దూరమో తెలుసు, టిక్ ఎప్పుడు చేరిందో మైకు చెబుతుంది. మూడు మీటర్లకు సెకనులో ఎనభయ్యో వంతు. భాగించేస్తే అంగారకుడి మీద శబ్ద వేగం వచ్చింది. సిల్వెస్ట్ర్ మోరిస్ బృందం 2022 ఏప్రిల్‌లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించినప్పుడు, అక్కడ ఒకటి కాదు, రెండు వేగాలున్నాయని తేలింది. 240 హెర్ట్జ్ కంటే కింది శబ్దాలు సెకనుకు సుమారు 240 మీటర్లు, ఆపై శబ్దాలు సుమారు 250 మీటర్లు. మన దగ్గర మంద్రమైనా తారమైనా 340 మీటర్లే.

ఎందుకిలా? అక్కడి గాలి దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్, పీడనం మనదాంట్లో నూరో వంతు కంటే తక్కువ. ఆ అణువుకు అటూ ఇటూ కదలడమే కాక, లోపల తనలో తాను వంగి ఊగే గుణం ఉంది. శబ్ద తరంగం వచ్చి నొక్కినప్పుడు కొంత శక్తి ఆ ఊపులోకి పోతుంది, తర్వాత ఢీకొన్నప్పుడు తిరిగి బయటికి వస్తుంది. గాలి పలచన కాబట్టి ఢీకొనడాలు అరుదు. మంద్ర శబ్దం నెమ్మదిగా నొక్కుతుంది, ఇచ్చిపుచ్చుకోవడానికి తీరిక ఉంటుంది. తార శబ్దం తొందరపెడుతుంది, అణువు లోపలికి తీసుకునేలోపే అల వెళ్లిపోతుంది. లోపలికి పోని శక్తి బయటే ఉండి వాయువును కాస్త బిగుతుగా ప్రవర్తింపజేస్తుంది. బిగువు పెరిగితే వేగం పెరుగుతుంది. లెక్కల ప్రకారం ఇలా ఉండాలని ముందే తెలుసు. ఇలా ఉందని చూపించింది మైకే.

అంటే అంగారకుడి మీద కచేరీ పెడితే వయొలిన్ పైస్థాయి స్వరం ముందొస్తుంది, మృదంగం తొప్పి మోత వెనకబడుతుంది. ఎనభై మీటర్ల దూరాన కూర్చున్నవాడికి తేడా సెకనులో నూరో వంతు చిల్లర. తాళం తప్పిందని సభలో గొడవ చేసేంత కాదు. నిజానికి ఆ గొడవకు తావే ఉండదు, ఎందుకంటే కార్బన్ డయాక్సైడ్ తార స్వరాలను కొద్ది మీటర్ల దూరంలోనే మింగేస్తుంది, మిగిలినవి కూడా మన దగ్గర కంటే 20 డెసిబెల్స్ తక్కువగా చేరతాయి. అక్కడి నిశ్శబ్దం ఎంతటిదంటే, ఒక దశలో మైకు పాడైపోయిందేమోనని జట్టు అనుమానించింది.

అలాంటి గాలిలో ఎనభై మీటర్ల దూరం నుంచి ఇంజెన్యుటీ హెలికాప్టరు మోత వినబడుతుందని ఎవరూ గట్టిగా అనుకోలేదు. 2021 ఏప్రిల్ 30న నాలుగోసారి ఎగిరినప్పుడు వినబడింది. 84 హెర్ట్జ్ దగ్గర సన్నటి గుంయ్‌మనే ధ్వని, దూరం పోతూ దగ్గరికొస్తూ స్థాయి మారుతూ. రెక్కలు నిమిషానికి 2,537 చుట్లు, ఒక్కో రోటరుకు రెండు రెక్కలు. అరవైతో భాగించి రెండుతో గుణిస్తే సరిగ్గా 84 పైచిలుకు వస్తుంది. కాగితం మీద వేసి చూసుకోవచ్చు. ఇంజనీర్ల ఆనందం ఇందులోనే ఉంది. యంత్రం మోతే యంత్రం ఆరోగ్యం చెబుతుంది. రోవర్ కడుపులో ఆక్సిజన్ తయారుచేసే మాక్సీ కంప్రెసర్ మోతను కూడా ఈ మైకుతోనే విన్నారు.

అదే ఏడాది సెప్టెంబరు 27న సుడిగాలి ఒకటి నేరుగా రోవర్ మీదుగా పోయింది. వెడల్పు 25 మీటర్లు, ఎత్తు కనీసం 118. మైకులో ముందు హోరు, మధ్యలో కాస్త నెమ్మది, మళ్లీ హోరు వినిపిస్తాయి. సుడి గోడ, సుడి కన్ను, మళ్లీ గోడ. వాటి మీద చిటపటమంటూ 308 ఇసుక రేణువుల తాకిళ్లు లెక్కపెట్టారు. ఇంతటితో అయిపోలేదు. రెండు అంగారక సంవత్సరాల రికార్డింగుల్ని తిరగేస్తే, దుమ్ము రేణువుల రాపిడికి పుట్టిన బుల్లి విద్యుత్ ఉత్సర్గాలు 55 దొరికాయని 2025లో ప్రకటించారు. అంగారక ధూళిలో మెరుపు ఉంటుందా లేదా అన్నది పాత ప్రశ్న. శుక్రుడి ఉరుముల కోసం మొదటి మైకును పంపితే, అంగారకుడి చిటికెడు పిడుగులను నలభై ఏళ్ల తర్వాతి మైకు పట్టింది.

‘దానివల్ల శాస్త్రానికి ఏం లాభం’ అన్న ప్రశ్నకు ఇవన్నీ జవాబులే. ఇక ఆ ప్రశ్న ఎవరూ అడుగుతున్నట్టు లేదు. టైటాన్‌కు వెళ్లే డ్రాగన్‌ఫ్లై అనే ఎగిరే ల్యాండరులో మైకులు మొదటి నుంచే పరికరాల జాబితాలో ఉన్నాయి. 2028 జులైలో ప్రయోగించి, 2034లో అక్కడ దించాలన్నది ప్రణాళిక.

ఈలోపు వినాలనుకుంటే పెర్సెవరెన్స్ రికార్డింగులు నాసా సైట్లో ఉచితంగా ఉన్నాయి. ఫోను స్పీకరులో వినకండి. అంగారకుడి గాలి చాలా మటుకు మంద్రంలో ఉంటుంది, ఆ చిన్న స్పీకరుకు అది పలకదు. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫ్యాను ఆపి వినండి.